బాయిలర్ బిగించింది ఎవరైనా, జవాబు చెప్పాల్సింది కంపెనీయే

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్లో మీ సొంత ఇల్లు. పాత బాయిలర్‌నీ అటక మీది నీళ్ల ట్యాంకునీ తీసేయించి కొత్త కాంబీ (ట్యాంకు లేకుండానే ఇంటిని వేడిచేస్తూ కుళాయికీ వేడినీళ్లు ఇచ్చే బాయిలర్) పెట్టించుకున్నారు. పేరున్న పెద్ద కంపెనీ, వాయిదాల్లో కట్టుకునేలా ఫైనాన్స్ కూడా వాళ్లే ఇప్పించారు. బేరం మాట్లాడటానికి కంపెనీ మనిషి వచ్చాడు గానీ, పనికి వచ్చిన ఇద్దరూ కంపెనీ వాళ్లు కారు. సాయంత్రానికల్లా ముగించి వెళ్లిపోయారు. అప్పట్నుంచి రెండు మూడు రోజులకోసారి ప్రెషర్ పడిపోతోంది. పై గదుల రేడియేటర్లు గోరువెచ్చగా తప్ప కాగడం లేదు. బాయిలర్ పొగ పోయే ఫ్లూ గొట్టం గోడలోంచి బయటికి వెళ్లే చోట చుట్టూ సందు కనిపిస్తోంది. బయట గోడ మీద సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపు వేలాడుతోంది. కంపెనీకి ఫోన్ చేస్తే "ఇన్‌స్టాలర్‌తో మాట్లాడుకోండి" అంటున్నారు, బిగించిన ఆయనేమో ఫోన్ ఎత్తడు. ఊరి నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని పడుకుంటున్నారు.

నేను ఇంగ్లండ్‌లో హీటింగ్ పనే చేస్తాను, గ్యాస్ పని చేయడానికి చట్టప్రకారం ఉండాల్సిన గ్యాస్ సేఫ్ రిజిస్ట్రేషన్ ఉంది. సొంతంగా మొదలుపెట్టకముందు పెద్ద కంపెనీలకు సబ్‌కాంట్రాక్టు మీద పనిచేశాను. కాబట్టి అటువైపు లెక్కలు కూడా తెలుసు.

ముందు ఆ ఫ్లూ సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. గోడకు పెట్టిన కన్నం లోపలా బయటా పూర్తిగా పూడ్చి ఉండాలి. సందు ఉంటే బయటికి పోయిన పొగ మళ్లీ ఇంట్లోకే రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే వాసన రాదు, కంటికి కనపడదు. తలనొప్పి, వికారం, మత్తుగా ఉండటం, బయటికి వెళ్తే తగ్గిపోవడం దాని గుర్తులు. పెద్దవాళ్లు దాన్ని చలికి వచ్చిన నలత అనుకుని ఊరుకుంటారు, అందుకే చెబుతున్నాను. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి కొత్త గ్యాస్ బాయిలర్ పెడితే అదే గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలని బిల్డింగ్ రెగ్యులేషన్స్ నిబంధన. మీకు పెట్టారా? పెట్టకపోతే ఈరోజే ఒకటి కొనండి, డబ్బా మీద బీఎస్ ఈఎన్ 50291 అని ఉండాలి. రసీదు దాచండి. గ్యాస్ వాసన వచ్చినా, అలారం మోగినా మీటరు దగ్గర వాల్వు కట్టేసి, తలుపులు కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. అది 24 గంటలూ ఉచితంగా పనిచేసే గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు. ఆ సమయంలో లైటు స్విచ్చులు ముట్టుకోవద్దు. కంపెనీ కాల్ సెంటర్‌లో క్యూలో నిలబడే సందర్భం కాదది.

ఇక అసలు విషయం. "ఇన్‌స్టాలర్‌తో మాట్లాడుకోండి" అన్నారు చూశారా, మీ గొడవంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఫ్లాట్ అమ్మిన బిల్డరు, స్లాబు కారుతోందంటే మేస్త్రీ నంబరు ఇచ్చి చేతులు దులుపుకున్నట్టే ఇది. మీరు ఒప్పందం చేసుకున్నది కంపెనీతో. డబ్బు తీసుకున్నది కంపెనీ. ఆ ఇద్దరికీ మీకూ మధ్య కాగితం ముక్క కూడా లేదు. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం సెక్షన్ 49 ప్రకారం పని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాల్సిన బాధ్యత మీతో ఒప్పందం చేసుకున్న వ్యాపారిది, అతను పనివాళ్లను ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నా సరే. ఆ బాధ్యత మాకు లేదని షరతుల్లో రాసుకున్నా చెల్లదని సెక్షన్ 57 చెబుతోంది. కాబట్టి ఇన్‌స్టాలర్‌కి ఫోన్లు చేయడం ఇవాళ్టితో మానేయండి. మీరు అతని వెంటపడుతున్నంత కాలం కంపెనీకి హాయి.

పని ఇలా ఎందుకు తయారవుతుందో కూడా చెప్పాలి. బేరం కుదిర్చినవాడికి కమీషన్. బిగించేవాడికి ఇంటికి ఇంత అని ముందే కట్టిన రేటు. పైపులు, ఫిట్టింగులు, పాత బాయిలర్ మోసుకెళ్లి పారేసే ఖర్చు చాలాసార్లు ఆ రేటులోంచే పోవాలి. ఇంటి ముందు వ్యాన్ ఆపేదాకా అతను ఆ ఇంటిని చూసి ఉండడు. పని రెండో రోజుకి జరిగితే ఆ రోజు కూలి అతని జేబులోంచే. అందుకని కంటికి ఆనే బాయిలర్ మాత్రం గోడకి తిన్నగా కూర్చుంటుంది, కంటికి ఆనని పనులన్నీ ఎగిరిపోతాయి. పాత పైపులు కడగడం, గ్యాస్ పైపు పెద్దది వేయడం, రేడియేటర్లన్నిటికీ వేడినీళ్లు సమంగా అందేలా బ్యాలెన్స్ చేయడం, కొలతలు తీసి కాగితం మీద పెట్టడం, ఇవన్నీ అలా ఎగిరిపోయేవే. ఆ ఇద్దరి మీద నాకేం కోపం లేదు. కోపం ఉన్నదల్లా ఆ రేటుకు ఈ పని ఒక్క రోజులో అవుతుందని నమ్మించేవాళ్ల మీద.

సరే, సాక్ష్యం ఎక్కడుందంటే, ముందుగా ఒక పేజీలో ఉంది. బాయిలర్‌తో వచ్చిన మాన్యువల్ చివరికి వెళ్లండి. 'బెంచ్‌మార్క్' అని, కొత్త బాయిలర్‌ను మొదటిసారి నడిపి సరిచూసి నింపే కమిషనింగ్ చెక్‌లిస్ట్ ఉంటుంది, కొన్ని కంపెనీలు దాన్ని ఇప్పుడు యాప్‌లో నింపుతున్నాయి. బిగించినవాడు కొలిచి రాయాల్సినవన్నీ అందులో ఉంటాయి. సిస్టమ్‌ను ఏ మందుతో కడిగారు, తుప్పు పట్టకుండా ఏ ఇన్హిబిటర్ పోశారు, బాయిలర్ దగ్గర గ్యాస్ ప్రెషర్ ఎంత, గంటకు ఎంత గ్యాస్ మండుతోంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కీ కార్బన్ డయాక్సైడ్‌కీ నిష్పత్తి ఎంత. ఆ నిష్పత్తి 0.004 దాటకూడదు. మీ మాన్యువల్‌లో ఆ పేజీ ఖాళీగా ఉందని పందెం కాయగలను. ఖాళీగా ఉంటే మీకు మేలే, వెంటనే ఫోటో తీయండి, తేదీ పడేలా. నిండి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. ఫ్లష్ చేశామని, అంటే పాత పైపులు కడిగామని టిక్కు పెట్టి, మీ రేడియేటర్‌లో నీళ్లు నల్లగా ఉంటే, ఆ టిక్కు అబద్ధమని తేలిపోతుంది. అన్ని అంకెలూ గుండ్రంగా, ఒకే పెన్నుతో ఒకే ఊపున రాసినట్టుంటే వ్యాన్‌లో కూర్చుని రాసినవై ఉండొచ్చు.

తర్వాత ఒక సర్టిఫికెట్ రావాలి. బాయిలర్ పెట్టాక 30 రోజుల్లోగా స్థానిక కౌన్సిల్‌కు తెలియజేయాలి, గ్యాస్ సేఫ్ ద్వారా ఆ పని జరుగుతుంది, మీకు బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్ వస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు లాయరు మొదట అడిగే కాగితాల్లో అదొకటి. అయితే దాన్ని చూసి ఎవరో వచ్చి తనిఖీ చేశారనుకోవద్దు. అది బిగించినవాడు తన పని గురించి తానే ఇచ్చుకున్న హామీ. దాని మీద ఏ సంస్థ పేరుందో మాత్రం చూడండి. మీ కంపెనీ పేరా, మీరెప్పుడూ వినని మరో పేరా? ఇంటికి వచ్చిన మనిషి కార్డు నంబరు మీ దగ్గరుంటే గ్యాస్ సేఫ్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. కార్డు వెనకవైపు అతనికి ఏయే పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది, చాలామంది ముందువైపు ఫోటో చూసి సరిపెట్టుకుంటారు.

ఇప్పుడు మీరు చెప్పిన లోపాల్లోకి వద్దాం. ప్రెషర్ పడిపోవడం వీటన్నిటిలో కాస్త చిక్కుది, ఎందుకంటే ఇందులో కంపెనీ వాదనకు కొంచెం బలం ఉంది. పాత పద్ధతిలో అటక మీద ట్యాంకు ఉన్నప్పుడు రేడియేటర్ల మీద ఒత్తిడి తక్కువ. కాంబీకి మార్చాక సిస్టమ్ మూసుకుపోయి, చల్లగా ఉన్నప్పుడే 1 నుంచి 1.5 బార్ ఉంటుంది, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. నలభై ఏళ్ల నాటి అతుకులు ఆ ఒత్తిడికి కారడం మొదలుపెడతాయి. "పాత పైపులకు మాది బాధ్యత కాదు" అని కంపెనీ కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చూడండి. కానీ నీళ్లు పోయేది పాత పైపుల్లోంచే అని తేల్చాల్సింది వాళ్లే. ఈ ప్రమాదం ఉందని సర్వేకి వచ్చిన మనిషి ముందే చెప్పకపోవడం కూడా వాళ్ల లోపమే.

మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది, బాయిలర్ మూత తెరవకుండానే. బయట గోడలోంచి ఒక రాగి పైపు వచ్చి, గోడవైపు తిరిగి ఉంటుంది. ఒత్తిడి 3 బార్ దాటితే సేఫ్టీ వాల్వు నీళ్లు వదిలే దారి అది. దాని మూతికి చిన్న ప్లాస్టిక్ కవరు వదులుగా కట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున కవర్లో నీళ్లుంటే లీకు పైపుల్లో కాదు, బాయిలర్ వైపే. వేడికి పెరిగే నీళ్లకు చోటిచ్చే డబ్బా, ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి లేకపోవడమో, అది మీ ఇంటి నీళ్లకు చాలకపోవడమో, ఆ వాల్వే సరిగా మూసుకోకపోవడమో కారణం అవుతుంది. చల్లగా ఉన్నప్పుడు గేజీ ఎంత చూపుతోంది, గంట సేపు వేడెక్కాక ఎంత చూపుతోంది, రెండూ ఫోటో తీయండి. 1.2 నుంచి 2.8కి ఎగబాకితే వెసెల్ మీదే నా అనుమానం. కవరు పొడిగా ఉంటే మాత్రం నేల కిందో మరెక్కడో కారుతూ ఉండొచ్చు. కంపెనీ తరఫున వచ్చినవాడిని బాయిలర్ కింది వాల్వులు కట్టేసి ఏ వైపు ప్రెషర్ పడుతోందో మీ ఎదుటే చూపమనండి. మళ్లీ మళ్లీ నీళ్లు నింపుతూ కాలక్షేపం చేయొద్దు. కొత్త నీళ్లతో కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది, ఇన్హిబిటర్ పలచనవుతుంది, రేడియేటర్లు లోపల్నుంచి తుప్పు పడతాయి.

రేడియేటర్ల విషయంలో చెయ్యి పెట్టి చూడండి. పైన చల్లగా కింద వేడిగా ఉంటే గాలి. పైన వేడిగా కింద చల్లగా ఉంటే అడుగున నల్లటి బురద పేరుకుంది. బాయిలర్‌కు దగ్గరివి కాలిపోతూ దూరంవి గోరువెచ్చగా ఉంటే బ్యాలెన్స్ చేయలేదు. రేడియేటర్‌లో గాలి వదిలే బ్లీడ్ స్క్రూ దగ్గర ఒక గాజు గ్లాసులోకి కాసిన్ని నీళ్లు పట్టండి (సిస్టమ్ చల్లారాకే, కింద పాతగుడ్డ పెట్టుకుని). కాఫీ డికాక్షన్‌లా వస్తే ఫ్లష్ జరగలేదని రాసి పెట్టుకోవచ్చు. ఎనిమిది, పది రేడియేటర్లున్న ఇంట్లో యంత్రంతో కడిగే పవర్ ఫ్లష్ అంటే రోజులో ఎక్కువ భాగం దానికే పోతుంది. పాత బాయిలర్ పీకి, కొత్తది బిగించి, ఫ్లష్ కూడా అదే రోజు చేశామని ఇద్దరు మనుషులు చెబితే నేను నమ్మను. బీఎస్ 7593 అనే బ్రిటిష్ స్టాండర్డ్ 2019 నుంచి సిస్టమ్ కడగడం, ఇన్హిబిటర్ పోయడంతో పాటు ఫిల్టర్ కూడా ఉండాలంటోంది. బాయిలర్‌కు నీళ్లు తిరిగొచ్చే పైపు మీద మాగ్నెటిక్ ఫిల్టర్ ఉందో లేదో చూసుకోండి. ఇది వారంటీకి కూడా ముఖ్యం. బురద వల్ల, మంట వేడిని నీళ్లకు అందించే హీట్ ఎక్స్‌చేంజర్ పోతే తయారీదారు "సిస్టమ్ కడగలేదు, మా పూచీ లేదు" అంటాడు. అసలు వారంటీ రిజిస్టర్ అయిందో లేదో తయారీదారుకే నేరుగా ఫోన్ చేసి సీరియల్ నంబరు చెప్పి కనుక్కోండి.

బయటి తెల్ల పైపు కండెన్సేట్ పైపు, పొగలోని ఆవిరి చల్లబడి అయిన నీళ్లు పోయే దారి. లోపలికి 21.5 మిల్లీమీటర్ల పైపు సరే, గోడ దాటి బయటికి వచ్చాక కనీసం 32 మిల్లీమీటర్లది, వాలుగా, ఇన్సులేషన్ చుట్టి, వీలైనంత పొట్టిగా ఉండాలి. వేలాడుతోందంటే క్లిప్పులు లేవు, అంటే వాలు కూడా లేదు, నీళ్లు మధ్యలో నిలుస్తాయి. గట్టి మంచు పడిన మొదటి రాత్రే అది గడ్డకట్టి, బాయిలర్ గుడగుడమని ఆగిపోతుంది. 2010 డిసెంబర్ చలికి దేశమంతా ఇలా ఆగిపోయిన బాయిలర్లు లెక్కలేనన్ని. అలా ఆగితే వేడి నీళ్లు పైపు మీద పోయండి, మరిగేవి కాదు.

గ్యాస్ పైపు గురించి మీరు అడగలేదు, నేనడుగుతున్నాను. మీటరు నుంచి బాయిలర్‌దాకా వచ్చే రాగి పైపు లావెంత? పాత చిన్న బాయిలర్‌కు వేసిన 15 మిల్లీమీటర్ల పైపునే వదిలేసి 30 కిలోవాట్ల కాంబీని దానికే తగిలించడం నేను తరచుగా చూసే తప్పు. మీటరుకీ బాయిలర్‌కీ మధ్య ప్రెషర్ 1 మిల్లీబార్ కంటే ఎక్కువ పడకూడదు. పైపు దూరం ఎక్కువైతే 22 మిల్లీమీటర్లది, కొన్నిచోట్ల ఇంకా పెద్దది కావాలి. వంటగ్యాస్ వెలిగించినప్పుడు షవర్‌లో నీళ్ల వేడి తగ్గుతోందా గమనించండి. దీన్ని సరిచేయాలంటే నేల పలకలు లేపాలి కాబట్టి, అడగకపోతే ఎవరూ తమంతట తాము ఆ మాట ఎత్తరు.

ఇంకో మాట. ఇలాంటప్పుడు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "నాకు తెలిసిన అబ్బాయి ఉన్నాడు, క్యాష్ ఇస్తే చేసిపెడతాడు" అనే సలహా వస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాడు డబ్బు తీసుకుని గ్యాస్ పని చేస్తే అది నేరం. పైగా ఇంకొకరు చెయ్యి పెట్టగానే కంపెనీకి సాకు దొరుకుతుంది. రిజిస్టర్డ్ ఇంజనీర్‌నైనా ఇప్పుడే బాగుచేయమనకండి, చూసి రాసిమ్మనండి చాలు. ప్రమాదం ఉంటే మాత్రం అతను ఆపేయమంటాడు, ఆ కాగితమే మీకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

కంపెనీకి ఫిర్యాదు ఈమెయిల్‌లో ఉత్తరంలా రాయండి, ఫోన్‌లో కాదు. ఫోన్ చేయాల్సి వచ్చినా మాట్లాడినదాన్ని వెంటనే మెయిల్ చేసి పెట్టుకోండి. కోపం, చలి, అమ్మానాన్నల ఇబ్బంది రెండు వాక్యాల్లో చెప్పి ఆపేయండి. లోపాలు ఒక్కొక్కటి నంబరు వేసి, పక్కన ఫోటో పెట్టండి. బెంచ్‌మార్క్ పూర్తి కాపీ, పొగ కొలతల ప్రింటు, బాయిలర్ దగ్గర గ్యాస్ ప్రెషర్, పని చేసిన మనిషి గ్యాస్ సేఫ్ నంబరు కావాలని అడగండి. సెక్షన్ 55 కింద పని తిరిగి సరిగ్గా చేసివ్వమని కోరుతున్నానని రాయండి. తగిన వ్యవధిలో, మీకు పెద్ద ఇబ్బంది లేకుండా, వాళ్ల ఖర్చుతో అన్నది ఆ సెక్షన్‌లోని మాటే. అది జరగకపోతే సెక్షన్ 56 కింద ధర తగ్గింపు, అవసరమైతే మొత్తం దాకా. 14 రోజులు గడువు పెట్టండి, ఫ్లూ మాత్రం వెంటనే అనండి. సేల్స్ మనిషి "పవర్ ఫ్లష్ కూడా ఇందులోనే" అన్నాడా? అయితే అదీ రాయండి. వ్యాపారి తరఫున చెప్పిన మాటను నమ్మి మీరు ఒప్పుకుంటే ఆ మాట కూడా ఒప్పందంలో భాగమేనని సెక్షన్ 50. ఆ రోజు ఇంట్లో ఇంకెవరున్నారో గుర్తు చేసుకోండి.

వాళ్లకు ఒక అవకాశం ఇవ్వక తప్పదు, చట్టం కూడా అదే అంటోంది. అయితే ఆ ఇద్దర్నే మళ్లీ పంపొద్దని, కంపెనీ సొంత ఉద్యోగి, ఇన్‌స్పెక్టర్ స్థాయివాడు ముందు వచ్చి చూడాలని అడగండి. వాళ్ల దగ్గర అలాంటివాళ్లు ఉంటారు, గట్టిగా అడిగిన ఇంటికే పంపుతారు. పని అయ్యాక ట్యాబ్లెట్ ముందు పెట్టి సంతకం అడుగుతారు. "పని సంతృప్తికరం" అని ఉంటే సంతకం పెట్టకండి, లేదా "ఇంకా పరీక్షించలేదు" అని రాసి పెట్టండి.

గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కు కూడా ఈ వారమే ఫిర్యాదు పెట్టండి. వాళ్ల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసినందుకు మీరేమీ కట్టక్కర్లేదు. వాళ్లు భద్రతా నిబంధనలే చూస్తారు. ఫ్లూ, గ్యాస్ పైపు, కండెన్సేట్ లాంటివి వాళ్ల పరిధిలోకి రావచ్చు. రేడియేటర్ చల్లగా ఉందనీ, డబ్బు వెనక్కి కావాలనీ వాళ్లతో చెప్పి లాభం లేదు. లోపం రాతపూర్వకంగా తేలితే కంపెనీ గొంతు మారిపోవడం నేను చూశాను.

ఫైనాన్స్ మీద తీసుకున్నారు కాబట్టి మీకు ఇంకో తలుపుంది. 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 ప్రకారం, ధర 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల లోపు ఉంటే, ఒప్పందం తప్పినందుకు అప్పిచ్చిన సంస్థ కూడా కంపెనీతో సమానంగా బాధ్యత వహించాలి. అదే ఫోటోలు, అదే ఉత్తరం వాళ్లకూ పంపండి. 8 వారాల్లో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా అప్పిచ్చే సంస్థల మీద ఫిర్యాదులు తీర్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు. చివరి జవాబు వచ్చిన 6 నెలల్లోగా వెళ్లాలి. ఈలోగా కోపంతో డైరెక్ట్ డెబిట్ ఆపేయకండి. క్రెడిట్ రికార్డు పాడై రేపు మార్ట్‌గేజ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే, కంపెనీ కాదు.

కోర్టు దాకా వెళ్లాల్సిన అవసరం రాకపోవచ్చు. వస్తే, ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల దాకా చిన్న దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్‌లో లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు, సాధారణంగా 6 ఏళ్ల గడువుంది. 2024 మే నుంచి ఇలాంటి డబ్బు కేసుల్లో ముందు ఉచిత మీడియేషన్ (రాజీ) కాల్ తప్పనిసరి చేశారు. దావా వేసేది మాత్రం కంపెనీ చట్టబద్ధమైన పేరు మీద, వ్యాన్ మీదున్న బ్రాండ్ పేరు మీద కాదు. అది మీ ఒప్పందం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఈ చలిలో మీరు కొన్న ఎలక్ట్రిక్ హీటర్ రసీదులు, పెరిగిన కరెంటు బిల్లు, తెప్పించుకున్న రిపోర్టు ఖర్చు, పని కోసం పెట్టిన సెలవులు ఒక షీట్‌లో రాసుకోండి, పరిహారం అడిగేటప్పుడు అవే లెక్క. ఉత్తరం వెళ్లిన కొన్నాళ్లకు కంపెనీ నుంచి ఎవరో మర్యాదగా ఫోన్ చేసి "గుడ్‌విల్" కింద కొంత డబ్బో వోచరో ఇస్తామంటారు. తీసుకునే ముందు మెయిల్‌లో పంపమనండి. అందులో "పూర్తి, తుది పరిష్కారంగా" అన్న అర్థం వచ్చే మాట ఉందేమో చూడండి. ఉంటే పని మొత్తం సరిచేసి, కొత్తగా కొలతలు తీసి బెంచ్‌మార్క్ నింపి ఇచ్చాకే దాని గురించి మాట్లాడతానని జవాబివ్వండి.